తోక క్యాసెట్టుకు మా నాయన వేసిన అతుకు

పోయిన నెల గిరి ఫోన్ చేశాడు. గిరి అంటే ధర్మవరంలో మా నాయనకు మగ్గం పని ఇచ్చిన షావుకారు అశ్వత్థప్ప కొడుకు. వాళ్ల నాయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు పంచడానికి ఒక పుస్తకం వేస్తున్నారట, రంగుల ఫోటోలతో, మంచి కాగితం మీద. "అక్కా, నువ్వు కథలు రాస్తావు కదా, మా నాయన గురించి నాలుగు పేజీలు రాయాల. మీది మా అంగడికి నేసిన కుటుంబమే కదా" అన్నాడు. చూద్దాంలే అన్నాను. అంతటితో వాడు ఊరుకుని ఉంటే నేనూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. వాడు ఊరుకోలేదు. "మీ నాయన రాసిచ్చిన కాగితం గూడా దొరికిందక్కా, నాయన బీరువాలో. దాన్ని గూడా పుస్తకంలో వేస్తాండాము. జరీ మార్చినోణ్ణి గూడా కడుపులో పెట్టుకోని మళ్ళా మగ్గం ఇచ్చినాడంటే మా నాయనది ఎంత పెద్ద మనసో జనాలకు తెలియాల కదా" అని, ఆ కాగితం ఫోటో తీసి నా ఫోనుకు పంపాడు. దాని కింద ఒక మాట కూడా రాశాడు. నీ చేతిరాత అప్పుడే ఎంత బాగుండాదో చూడక్కా అని.

ఫోటో తెరిచేసరికి ఒళ్ళంతా మంట పుట్టింది. గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. నీలం సిరా. గుండ్రంగా, పొందిగ్గా, పరీక్షలో మార్కుల కోసం రాసినట్టున్న నా అక్షరాలు. 'ధర్మవరంలో మగ్గం నేసే ఓబులేసు రాసి ఇచ్చిన కాగితం ఏమనగా' అని మొదలవుతుంది. షావుకారు ఇచ్చిన అసలు జరీని నేనే మార్చినాను, దాని బదులు ప్లాస్టిక్ జరీ వేసి చీరలు నేసినాను, ఈ తప్పులో షావుకారుకు ఎట్టి సంబంధమూ లేదు అని నడుస్తుంది. కింద మా నాయన వేలిముద్ర. ఆ కాగితంలో ఊరి పేరు, మనిషి పేరు తప్ప ఒక్క మాటా నిజం కాదు. రాసింది నేను. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. మీ మొదటి రచన ఏదమ్మా అని సభల్లో ఎవరైనా అడిగితే, ఏదో వారపత్రికలో వచ్చిన చిన్న కథ గురించి సిగ్గుపడుతూ చెబుతూ వచ్చాను ఇన్నేళ్లూ. ఆ సిగ్గు కూడా దొంగసిగ్గే. నా మొదటి రచన ఈ కాగితం.

నాయన పోయి మూడేళ్లయింది. ఆయన వస్తువులంటూ మిగిలినవి ఒక రేకుడబ్బాలో నా దగ్గర, ఇక్కడ హిందూపురంలోనే ఉన్నాయి. ఫోటో చూసిన సాయంత్రం అటక మీద నుంచి ఆ డబ్బా దించాను. మగ్గం మీద అటూ ఇటూ పోగు నడిపే నాడెలు రెండు, అరిగిపోయినవి, ఒక చిన్న కత్తెర, దారం కట్టిన కళ్లద్దాలు, అన్నిటికంటే అడుగున తోక క్యాసెట్టు. ఇప్పటి పిల్లలకు ఇదేమిటో చెప్పాలి. అప్పటి కార్లలో కంపెనీ బిగించి ఇచ్చే స్టీరియోకు క్యాసెట్టు దూరే నోరు ఒక్కటే ఉండేది. బయటి పాటల డబ్బా ఏదైనా దానికి తగిలించాలంటే ఎక్కడా రంధ్రం ఉండేది కాదు. అందుకని ఈ ఉత్తుత్తి క్యాసెట్టు. లోపల టేపు ఉండదు, పక్కనుంచి ఒక సన్న వైరు తోకలాగా వేలాడుతుంది. క్యాసెట్టును స్టీరియోలోకి తోసి, తోక కొసను పాటల డబ్బాకు గుచ్చితే అందులోని పాట కారు స్పీకర్లలో వస్తుంది. డబ్బాలో దొరికినదాని తోక మధ్యలో జానెడు మేర వైరు లేదు. అక్కడ జరీ పోగులు ఉన్నాయి, పసుపు పచ్చబడిన అంటుటేపు కింద. ఆ అతుకు మా నాయన వేసింది.

మా ఇల్లంటే ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మేము. తెల్లారి లేచేసరికి నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని ఉండేవాడు. మగ్గం చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. పోగు తెగి ఉంటుందని ఆ నిద్రలోనే తెలిసేది. అమ్మ పొయ్యి మీద ఉగ్గాని చేస్తుంటే అవ్వ గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. తడి పట్టుకు ఒక వాసన ఉంటుంది, గంజికి ఒక వాసన ఉంటుంది, ఆ రెండూ కలిసి మా బట్టలకు, పుస్తకాలకు, చివరికి నా హాల్‌టికెట్‌కు కూడా పట్టేవి. పసుపు చేతులతో మగ్గం దగ్గరికి రాకూడదు. సంగటి తిన్నాక మోచేతుల దాకా కడుక్కోవాలి. ఈ నియమాలన్నీ అవ్వవి. కొత్త జరీ రీలు ఇంటికి రాగానే అవ్వ దాని కొసను జానెడు తెంచి పొయ్యి నిప్పుకు చూపించేది. అసలు జరీ అయితే లోపలి పట్టు కాలిపోయి పైన చుట్టిన వెండి తీగ మాత్రం నిలబడుతుంది. "నిలబడినాదిరా" అని అవ్వ కేక వేసేది. ఆ కేక వచ్చాకే నాయన రీలును ముట్టుకునేవాడు.

నాయనకు ఒక్క విషయంలోనే గర్వం. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు వేల పోగుల్ని ఒక్కొక్కటిగా, పాతదాని కొసకు కొత్తదాని కొస కలిపి అతకాలి. వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని, రెండు పోగుల్ని బొటనవేలి కింద ఒక్క మెలిక తిప్పితే అతుకు పడాలి. ఆయన వేసిన అతుకు వేలితో తడిమినా దొరికేది కాదు. వేరే ఇళ్లవాళ్లు కూడా వచ్చి పిలుచుకుని పోయేవాళ్లు. మనిషి మెత్తన. ఎవరు ఏమన్నా పడేవాడు, తిట్టినా నవ్వేవాడు. అతుకు మీద మాట అంటే మాత్రం పడేవాడు కాదు.

ఒకసారి అవ్వ పొయ్యిలో చూపించిన జరీ నిలబడలేదు. ముడుచుకుపోయి నల్లటి పూసలాగా అయింది. అవ్వ ఇంకో రీలు తీసింది, అదీ అంతే. నాయన ఆ రీళ్లను గుడ్డలో కట్టుకుని షావుకారు దగ్గరికి పోయి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని చెప్పాడు. "కొత్త రకం వచ్చినాదంట. అందరికీ ఇదే ఇస్తాండారంట. పట్టించుకోకుండా నేయి అన్నాడు." అవ్వ చేయి రాట్నం మీద ఆగిపోయింది. "ఒద్దురా ఓబులేసా. ఇది అసలు జరీ అని చెప్పి అమ్ముతాడు వాడు. రేపు ఏమన్నా అయితే పోయేది నీ పేరు" అంది. "నేయనంటే మగ్గం ఆపేస్తాడు కదమ్మా, యాడికి పోదాం" అని నాయన చేయి కడుక్కున్నాడు. ఆ జరీతో నేశాడు. తప్పంటే అది తప్పే, కాదనను. దానికి ఆయన ఎంత కట్టాలో అంతకు నూరింతలు కట్టించుకున్నారు.

ఆ చీరలు బెంగళూరులో సరోజమ్మ అనే ఆమె అంగడికి పోయాయి. అక్కడ కొన్నవాళ్లు ఇస్త్రీపెట్టె పెట్టగానే అంచులు చుట్టుకుపోయాయట. చీరలు వెనక్కి వచ్చాయి. అసలు జరీ అని చెప్పి అమ్మినవాడు షావుకారు. కానీ సరోజమ్మ అంగడికి, షావుకారుకు మధ్య ఎవరో ఒకరు దొంగ కావాలి కదా. షావుకారు నాయనను అంగడికి పిలిపించి, పదిమంది నేతగాళ్లు కూర్చుని ఉండగా చీర ఆయన మీదికి విసిరాడు. "అసలు జరీ ఇస్తే అమ్ముకుని ప్లాస్టిక్ నేసినావు. ఇన్నాళ్లూ నా ఉప్పు తిని ఇదా నువ్వు చేసేది" అన్నాడట. అక్కడున్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ అదే ప్లాస్టిక్ జరీ ఉంది. ఒక్కడూ నోరు మెదపలేదు. నాకు షావుకారు మీద ఎంత కోపమో ఆ పదిమంది మీద కూడా అంతే కోపం. వాళ్లలో ఇద్దరు మా నాయన అతికిన పడుగుల మీదే ఆ పొద్దు నేసి వచ్చి ఉంటారు.

మా వీధుల్లో మనిషి ఏమైనా కావచ్చు, తాగుబోతు కావచ్చు, జరీ దొంగ మాత్రం కాకూడదు. ఆ పేరు వచ్చినవాడికి ఇంకే షావుకారూ జరీ ఇవ్వడు. మగ్గం ఆగిపోయింది. కొళాయి దగ్గర అమ్మ బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. అమ్మ ఇంట్లో ఖాళీగా ఉండలేక వేరేవాళ్ల ఇళ్లకు కండెలు చుట్టడానికి పోయేది, అదీ పొద్దున్నే, ఎవరూ చూడకుండా. అవ్వ ఖాళీ రాట్నం తిప్పుతూ కూర్చునేది. నేను మగ్గం చప్పుడు లేని ఇంట్లో మొదటిసారి పరీక్షలకు చదివాను. ఒక్క ముక్క తలకెక్కలేదు.

అప్పుడు షావుకారు కబురు పెట్టాడు. సరోజమ్మకు రాతపూర్వకంగా కావాలట. తప్పు నాదే అని నాయన రాసి, తనే ఆమె చేతికి ఇస్తే మళ్ళీ మగ్గం ఇస్తాడట. నాయనకు రాయడం రాదు. అందుకని నన్ను కూడా అంగడికి తీసుకుపోయాడు. షావుకారు పరుపు మీద దిండుకు ఆనుకుని మాట మాటా చెబుతుంటే నేను నోటుబుక్కులో రాశాను. మొదటి వాక్యం దగ్గరే ఆగి, "నాయనా, మనం మార్చలేదు కదా" అన్నాను. నాయన నా వైపు చూడలేదు. నేల మీద రాలిన జరీ తునక ఒకటి ఏరుతూ, "రాయమ్మా రత్నా, ఆయప్ప చెప్పేది రాయి" అన్నాడు. రెండు ప్రతులు రాశాను, ఒకటి సరోజమ్మకు, ఒకటి షావుకారుకు. ఎక్కడా కొట్టివేత లేకుండా రాశాను. తప్పులు లేకుండా రాస్తున్నానే అని లోపల ఎక్కడో ఒక మూల సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సరోజమ్మ పెనుకొండలో దర్గా మొక్కు తీర్చుకోవడానికి వచ్చి ఉంది. అక్కడ ఆమెను కారెక్కించుకుని హిందూపురంలో రైలు దగ్గర దించాలి. దారిలో కాగితం ఇవ్వాలి. ఇదీ షావుకారు ఏర్పాటు. కారు కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. నడిపేది గిరి, నాకంటే ఏడాది చిన్న, అప్పటికి లైసెన్సు కూడా లేదు. నేను మా అవ్వ పెళ్లిచీరతో కుట్టిన లంగా కట్టుకున్నాను. పెద్దామె ముందుకు పోతున్నాం కదా, ఉన్నదాంట్లో మంచిది కట్టుకో అని అమ్మ పెట్టెలోంచి తీసి ఇచ్చింది. దొంగతనం ఒప్పుకోవడానికి పోతూ పట్టులంగా కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. వెనక డిక్కీలో హిందూపురం పక్క మగ్గాలకు ఇవ్వాల్సిన కొత్త జరీ రీళ్ల డబ్బాలు ఉన్నాయి.

పెనుకొండలో సరోజమ్మ ఎక్కి ముందు సీటులో కూర్చుంది. తెల్లటి జుట్టు, వజ్రాల ముక్కుపుడక, నెమ్మదైన మనిషి. షావుకారు వెనకకు వచ్చి మా పక్కన కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. కారు కదిలాక ఆమె సంచిలోంచి ఒక సీడీ తీసింది. "నా మగళు వీణె నుడిసిందప్పా ఇది, మొన్న కచేరీలో. కారులో వినబడుతుందా?" అని తెలుగులో కన్నడం కలిపి అడిగింది. కూతురు వాయించిన వీణ అట. గిరి ముఖం వెలిగిపోయింది. చేతిలో పట్టుకునే సీడీ ప్లేయరు వాడి దగ్గర ఉంది. కారు స్టీరియో కంపెనీది, విప్పితే గ్యారంటీ పోతుందని వాళ్ల నాయన ముట్టనివ్వలేదట, అందుకని బెంగళూరు నుంచి తోక క్యాసెట్టు తెప్పించాడట. ఇదంతా చెబుతూనే క్యాసెట్టు దూర్చాడు. సరోజమ్మ కాళ్లు చాపుకోవడానికి సీటును వెనక్కి తోసింది. తోక సీటు పట్టాల కింద ఉంది. కటుక్కుమని చప్పుడయింది.

సోమందేపల్లి దాటాక చింతచెట్ల నీడలో గిరి కారు ఆపాడు. వైరు జానెడు పొడవున నలిగి ముక్కలయి ఉంది. అంతకుముందే ఒకసారి తెగితే కత్తిరించి అతికించి ఉన్నాడు, ఇక కురచ చేయడానికి లేదు. మధ్యలో ఏదో ఒక తీగ కావాలి. షావుకారు "హిందూపురంలో కొత్తది కొందాం పారా" అన్నాడు. గిరి వినలేదు. డిక్కీ తెరిచి, డబ్బా సీలు తెంచి, కొత్త జరీ రీలు తెచ్చి మా నాయన చేతిలో పెట్టాడు. "ఓబులేసన్నా, అతకడంలో నిన్ను మించినోడు లేడంటారు కదా. ఇది వెండి కదా, కరెంటు పారుతాది. అతుకు" అన్నాడు. వాడికి నిజంగానే తెలియదు. నేను షావుకారు ముఖం చూశాను. ఆయన కిటికీ అవతల చూస్తూ "ఒద్దురా, టైమవుతాది" అన్నాడు. సరోజమ్మ మాత్రం "ఉండనీండి, రైలుకు ఇంకా సమయం ఉంది" అంది.

నాయన కారు బానెట్టు మీద తువ్వాలు పరిచాడు. బ్లేడుతో వైరు గీకితే లోపల మూడు సన్న తీగలు ఉన్నాయి. రీలులోంచి జరీ తీశాడు. వేళ్లకు తగలగానే ఆయనకు తెలిసి ఉంటుంది అదేమిటో. మూడు తీగలకూ మూడు పోగులు అతికి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కాగితం పెట్టి ఇచ్చాడు. గిరి ప్లేయరుకు గుచ్చి మీట నొక్కాడు. కారులోంచి ఏమీ రాలేదు. శబ్దం పెంచాడు. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. గిరి విసుగ్గా, "అతుకు సరిగ్గా పడలేదన్నా. ఊరికే పేరే గానీ" అన్నాడు.

జరీ దొంగ అంటే తల దించుకున్న మనిషి ఆ మాటకు తల ఎత్తాడు. ఇప్పటికీ నాకు ఆ ముఖం కళ్ల ముందు ఉంటుంది. "నా అతుకు పడకపోవడం అనేది లేదప్పా" అన్నాడు. వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నా లంగా అంచు కొస పట్టుకుని, కుట్టు విడిచిన చోట నుంచి అవ్వ పెళ్లినాటి జరీ పోగులు మూడు లాగాడు. పాతబడి రంగు మారినవి. గిరి అడ్డుగా నిలబడితే "జరుగు" అన్నాడు. మా నాయన షావుకారు కొడుకును జరుగు అనడం నేను అదే మొదటిసారి వినడం. మునుపటి పోగులు పీకి రోడ్డు మీద పారేశాడు. ఇవి అతికాడు. మట్టి వేళ్లకు అద్దుకుని అతికాడు, బూడిద లేదు కాబట్టి. ప్లేయరు మీట తనే నొక్కాడు.

వీణ వచ్చింది. నాలుగు తలుపులూ తెరిచి ఉన్న కారులోంచి, ఆ ఎండలో, రోడ్డు పక్క గొర్రెలు కాస్తున్నామె కూడా ఆగి ఇటు చూసేంత గట్టిగా వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. అయిపోయింది, నిజం బయటపడింది అనుకున్నాను. సీలు తెంచింది వాళ్ల చేతులే, జరీ వాళ్ల డిక్కీలోదే. ముప్పై ఏళ్లుగా పట్టు అమ్ముతున్న ఆమెకు ఇంకెవరూ చెప్పనవసరం లేదు. నిజంగానే ఆమెకు అర్థమైంది. కారు దిగి, కింద పడిన జరీ పోగు తీసి వేళ్ల మధ్య నలిపింది. షావుకారు వైపు తిరిగి, చిన్నగా నవ్వి, "నీ జరీకి గొంతు లేదు గదప్పా" అంది. షావుకారు కూడా నవ్వాడు. అంతే. ఇద్దరూ నవ్వుకున్నారు. మళ్ళీ కారెక్కాం.

హిందూపురం స్టేషను ముందు ఆమె దిగి చేయి చాపింది. "కాగితం తెచ్చినారా?" అని అడిగింది. నాకు మొదట అర్థం కాలేదు. నాయన నా చేతిలోంచి కాగితం తీసుకుని ఇచ్చాడు. ఆమె అద్దాలు పెట్టుకుని, నిదానంగా, మొదటి నుంచి చివరిదాకా చదివింది. నేను ఉండబట్టలేక "అమ్మా, ఇప్పుడే కదా మీరు విన్నారు" అన్నాను. నాయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "విన్నానమ్మా. గిరాకీలకు చూపించేందుకు ఒకటి ఉండాల గదా. చక్కగా రాసినావు, బాగా చదువుకో" అని నా తల నిమిరి పోయింది. ఆ తర్వాత కూడా ఆమె షావుకారు దగ్గరే కొన్నది. ఆ జరీయే. ఆమెకు కావలసింది నిజం కాదు, దొంగ. ఆ రోజు నాకు తెలిసిన ఈ సంగతి మా నాయనకు ఇంట్లో బయలుదేరేటప్పుడే తెలుసు.

షావుకారు మమ్మల్ని అక్కడే దించేసి జరీ డబ్బాలు పంచడానికి పోతూ, ఆ తోకను చూస్తే ఇబ్బందిగా ఉందేమో, "దాన్ని పారేయిరా" అన్నాడు. గిరి కిటికీలోంచి పడేశాడు. నాయన వంగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ధర్మవరం బస్సులో కూర్చున్నాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. పక్క సీట్లవాళ్లు తిరిగి చూశారు. నోరుండీ ఎందుకు చెప్పలేదు, సాక్ష్యం చేతిలో పెట్టుకుని కాగితం ఎట్లా ఇచ్చినావు, నీకు సిగ్గు లేదా అన్నాను. కన్నతండ్రిని ఆ మాట అన్నాను. ఆయన కిటికీ అవతల చూస్తూ, "అతుకు పడింది కదమ్మా. అందరూ విన్నారు" అన్నాడు. అది ఏ మూలకని నేను పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మగ్గం మళ్ళీ నడిచింది, అదే ప్లాస్టిక్ జరీతో. అవ్వ మాత్రం ఆ తర్వాత ఏ రీలునూ పొయ్యికి చూపించలేదు. నాయన మోకాళ్లు పోయేదాకా నేశాడు. ఆ పేరు మాత్రం పోలేదు. ఆయన పోయిన రోజు, వీధి మొదట్లో ఒక ముసలాయన ఎవరికో ఇల్లు చూపిస్తూ "అదే, జరీ మార్చినాయన ఇల్లు" అనడం నా చెవులతో విన్నాను. ఇప్పుడైతే ప్లాస్టిక్ జరీ అని పెట్టె మీదే రాసి అమ్ముతున్నారు, కొనేవాళ్లు తెలిసే కొంటున్నారు. మా వీధిలో మరమగ్గాలు వచ్చాయి, పడుగు అతికే మనిషి కోసం ఇల్లిల్లూ తిరిగే పని లేదు. నా కూతురి కారులో కూర్చుంటే దాని ఫోను సంచిలోంచే పాడుతుంది, వైరు లేదు, తోక లేదు, తెగేదీ లేదు అతికేదీ లేదు. సుఖంగానే ఉంది, అది కాదనడం లేదు. కానీ ఏ తప్పుకు మా నాయన వేలిముద్ర వేశాడో ఆ పని ఇప్పుడు తప్పే కాకుండా పోయింది. నింద మాత్రం అలాగే ఉంది, రంగుల పుస్తకంలో అచ్చు కావడానికి సిద్ధంగా.

నేను రేకుడబ్బాను సంచిలో వేసుకుని ధర్మవరం పోయాను. గిరి ఎదురొచ్చి "రాక్కా, కాఫీ తాగుదువు" అన్నాడు. మంచివాడే, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. వాళ్ల నాయన గుర్తుగా ఆ కారును షెడ్డులో ఉంచుకున్నాడు. వారానికోసారి స్టార్టు చేస్తాడట. "స్టీరియో గూడా కంపెనీదేనక్కా, ఇంతవరకు విప్పలా" అని గర్వంగా చూపించాడు. నేను ముందు సీటులో కూర్చుని తోక క్యాసెట్టు తీసి అందులోకి తోశాను. కొసను నా పాత ఫోనుకు గుచ్చాను. ఏదో పాట పెట్టాను, ఏదైతేనేం. కుడిపక్క స్పీకరు పలకలేదు. ఎడమపక్క నుంచి పాట వచ్చింది. పాతికేళ్ల తర్వాత, తుప్పుపట్టిన డబ్బాలో పడి ఉన్న అతుకులోంచి వచ్చింది.

గిరి వంగి అతుకు మీది టేపు ముక్కను చూశాడు. "గుర్తుండాదా?" అని అడిగాను.

"ఉండాదక్కా" అన్నాడు. "ఆ పొద్దు ఇంటికి వచ్చినాక నాయనను అడిగినా. మన జరీతో ఎందుకు రాలేదు అని. చెంప మీద కొట్టినాడు. మళ్ళా అడగలా."

"అయితే నీకు తెలుసు. తెలిసి ఆ కాగితం ఎట్లా వేస్తావు రా పుస్తకంలో?"

వాడు తల వంచుకున్నాడు. "నాయన మంచితనం గురించి చెప్పేదానికి ఎంత వెతికినా ఇంకోటి దొరకలాక్కా" అన్నాడు. నవ్వాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. వాడే మళ్ళీ, "పోనీలే, వేయములే. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, నాయన పోయినాడు కదా" అన్నాడు.

"మా నాయన గూడా పోయినాడు" అన్నాను. "ఆ కాగితం వేయి. నాలుగు పేజీలు రాయమన్నావు కదా, దాని పక్కనే నేను రాసేది గూడా వేయి."

"అది ఎట్లా కుదురుతాదక్కా" అన్నాడు గిరి.

కుదరదని నాకూ తెలుసు. క్యాసెట్టు బయటికి తీసి సంచిలో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా అతుకును వేలితో తడుముతూ వచ్చాను. అందరూ విన్నారు అని ఆయన అన్న మాట మీద ఇన్నేళ్లూ కోపం పెట్టుకున్నాను. విన్నవాళ్లలో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నేళ్లలో ఎవరెవరి గురించో రాశాను, ఇది రాయలేదు. షావుకారు మీద, సరోజమ్మ మీద, నోరు మెదపని ఆ పదిమంది మీద ఉన్న కోపమంతా ఒక ఎత్తు, నా మీద నాకున్నది ఒక ఎత్తు. ఇంటికి వచ్చి గీతల నోటుబుక్కు కొని, నీలం సిరాతో, అంతే పొందిగ్గా, కొట్టివేత లేకుండా రాశాను.

ధర్మవరంలో మగ్గం నేసే ఓబులేసు కూతురు రత్న రాసి ఇచ్చిన కాగితం ఏమనగా: మా నాయన జరీ మార్చలేదు.